పెప్పర్ వీధి, 121

మీ ముందున్న తెర మీద ఒక పాత కాగితం తెరుచుకుంది. 1920 నాటి అమెరికా జనాభా లెక్కల పేజీ. జార్జియా రాష్ట్రం, గ్రేడీ కౌంటీ. పేజీకి యాభై వరుసలు. రాత వాలుగా, తొందర తొందరగా ఉంది. చలికాలంలో మట్టిదారుల వెంట ఇల్లిల్లూ తిరిగిన మనిషి రాత అది. ఈ కౌంటీ పేజీల్లో ఎక్కడో మీరు వెతుకుతున్న పసివాడు ఉండాలి. వాడికింకా ఏడాది నిండలేదు. పేరు జాక్ రూజ్‌వెల్ట్ రాబిన్సన్.

ఇరవై ఏడేళ్ల తరవాత, 1947 ఏప్రిల్ 15న, ఈ పసివాడు బ్రూక్లిన్ డాడ్జర్స్ చొక్కా తొడుక్కుని ఎబెట్స్ ఫీల్డ్ మైదానంలోకి నడుస్తాడు. అప్పటికి అరవై ఏళ్లకు పైగా అమెరికా పెద్ద బేస్‌బాల్ లీగుల్లో నల్లవాడికి చోటు లేదు. ఆ అడ్డు తొలగించేది ఇతనే. 1997లో అన్ని జట్లూ అతని 42వ నంబరును ఇంకెవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టేస్తాయి. జాకీ రాబిన్సన్ అంటే ఆ దేశంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

మీకు కావలసింది ఆ మైదానం కాదు. వాడు ఏ ఇంట్లో పుట్టాడు, ఏ వాకిట్లో పెరిగాడు, రాత్రి ఏ కప్పు కింద పడుకున్నాడు, అవి కావాలి. నోటిమాటగా కాదు, కాగితం మీద.

వెతుకు గడిలో వేళ్లు పెట్టండి. ఎవరి పేరు కొడతారు?

జాకీ పేరు కొట్టారు. రాబిన్సన్లు వరదలా వచ్చిపడ్డారు. జాన్‌లు, జేమ్స్‌లు, జాక్‌లు. ఏ ఒక్కరూ మనవాడు కాదు. తండ్రి జెర్రీ పేరు కొడదామా? కాస్త ఆగండి. జెర్రీ 1919 జులైలో రైలెక్కి వెళ్లిపోయాడు. బాబుకు అప్పుడు ఆరు నెలలు. తిరిగి రాలేదు. 1920 లెక్కలు జనవరి ఒకటో తేదీ నాటికి ఎవరు ఎక్కడున్నారో అడిగాయి. ఆ రోజుకు జెర్రీ ఆ ఇంట్లో లేడు. అతని పేరు పట్టుకుని వెళ్తే మీరు వేరే ఇంటికి చేరతారు.

తల్లి పేరు కొట్టండి. మ్యాలీ.

ఇక్కడ ఇంకో గుంట ఉంది. ఆ చేతిరాతను చదివి సూచిక తయారుచేసిన వాళ్లు మనుషులే. మ్యాలీ అని ఉన్నది మోలీ అయిపోవచ్చు, మిల్లీ అయిపోవచ్చు, నెల్లీ అయిపోవచ్చు. ఈ ఇబ్బంది తెలిసే పూర్వం ఒక పద్ధతి పెట్టారు. ఇంటిపేరును ఎలా రాశారన్నది వదిలేసి, ఎలా వినిపిస్తుందో దానికొక గుర్తు ఇచ్చారు. మొదటి అక్షరం, దాని వెనక మూడు అంకెలు. రాబిన్సన్‌కు వచ్చే గుర్తు ఆర్ 152. ఆ గుర్తున్న చీటీలన్నీ ఒక్కచోట ఉంటాయి. మంచి ఏర్పాటే. కానీ లెక్కలు రాసే మనిషి తొందరలో మధ్యనున్న ‘న్’ మింగేసి రాబిసన్ అని రాశాడనుకోండి, గుర్తు ఆర్ 125 అయిపోతుంది. చీటీ వేరే పెట్టెలోకి పోతుంది. మీరు మొదటి పెట్టె అంతా తిరగేసి, వీళ్లు ఇక్కడ లేరని రాసుకుని లేచిపోతారు. వాళ్లు ఉంటారు. పక్క పెట్టెలో.

అందుకే పేరుకు వేలాడకండి. పిల్లల వరసను పట్టుకోండి. ఎడ్గర్, ఫ్రాంక్, మాక్, విల్లా మే, జాకీ. నలుగురు మగపిల్లలు, ఒక ఆడపిల్ల, ఇదే క్రమంలో. ఈ ఐదు పేర్లూ ఇలాగే పేర్చి ఉన్న ఇల్లు ఆ కౌంటీలో ఇంకొకటి ఉండటం కష్టం. మాక్ అసలు పేరు మాథ్యూ, అదీ గుర్తుంచుకోండి. 1914 జులైలో పుట్టాడు కాబట్టి వాడి వయసు గడిలో 5 ఉండాలి. జాకీ పుట్టింది 1919 జనవరి 31న. చిన్నపిల్లల వయసును నెలల్లో, పన్నెండో వంతులుగా రాయమని ఆ ఏడాది సిబ్బందికి చెప్పారు. జనవరి ఒకటి నాటికి పదకొండు నెలలు నిండాయి. గడిలో 11/12 అని ఉండాలి. పన్నెండింట పదకొండు. వరస చివర ఆ భిన్నం కనిపిస్తే మీ గుండె ఒక్కసారి ఆగి కొట్టుకుంటుంది.

వందేళ్ల కిందటి ఇంటి గుట్టు ఇలా అందరికీ తెరిచి పెట్టారేమిటని మీకు అనిపిస్తుంది. అమెరికాలో జనాభా లెక్కల కాగితాలను డెబ్బై రెండేళ్లు మూసి ఉంచి, తరవాత తెరుస్తారు. 1920వి 1992లో తెరిచారు. 1930వి 2002లో, 1940వి 2012లో, 1950వి 2022లో. మన దేశంలో చట్టం వేరు. ఇక్కడ ఇంటింటి చీటీలు ఎవరికీ చూపించరు. మన ఆటగాళ్ల ఇళ్లు వెతకాలంటే బడి అడ్మిషన్ రిజిస్టర్లు, అడంగళ్లు, పహాణీలు, పాత ఓటరు జాబితాలు పట్టుకుని తిరగాల్సిందే.

ఇప్పుడు పేజీ మీదికి రండి. ఊరి వీధి అయితే అంచున నిలువుగా వీధి పేరు, ఇంటి నంబరు ఉంటాయి. ఇది పల్లె. నంబర్లు లేవు. లెక్కలవాడు ఏ వరసలో ఇళ్లు తిరిగాడో ఆ వరస సంఖ్య ఒక్కటే ఉంది. మరి ఇల్లెక్కడో ఎలా తెలుస్తుంది? పైకీ కిందికీ చూడండి. ఇరుగుపొరుగు పేర్లు చదవండి. భూమి ఉన్నవాళ్ల పేర్లు పట్టా కాగితాల్లో దొరుకుతాయి. వాళ్ల మధ్య ఈ కుటుంబం ఉంటే, ఇల్లు ఆ పొలాల మధ్య ఉన్నట్టే.

సాసర్ అనే పేరు కోసం చూడండి. జాకీ పుట్టింది జిమ్ సాసర్ అనే ఆసామి పొలంలో. జెర్రీ అక్కడ పాలేరు. నెలకు పన్నెండు డాలర్లు. ఆ జీతంతో ఇల్లు గడవదని, పంటలో సగం కోరుకు చేస్తానని అడగమని మ్యాలీ భర్తను పోరింది. అడిగించింది. చేతిలో నాలుగు డబ్బులు ఆడటం మొదలైంది. అప్పుడే జెర్రీ వెళ్లిపోయాడు. సాసర్‌కు కోపం వచ్చింది. పనివాడు పోయాడు కదా. ఆమెను ఉన్న ఇంట్లోంచి కదిలించి, ఇంకా నాసి కొంపకు పంపాడు.

ఒక్క క్షణం. ఇప్పుడు చదివింది మళ్లీ చదవండి.

బాబు పుట్టింది 1919 జనవరిలో. లెక్కలవాడు వచ్చింది 1920 జనవరిలో. ఈ మధ్యలో కుటుంబం ఇల్లు మారింది. మీరు ఇంత కష్టపడి పట్టుకున్న పేజీ చూపేది పుట్టిన ఇంటిని కాదు! చాలామంది ఇక్కడే పొరపడతారు. కాగితం అబద్ధం చెప్పదు, కానీ అడిగిన రోజుకే జవాబు చెబుతుంది.

పుట్టిన రోజు కాగితం కావాలంటే జనన నమోదు చూడాలి. జార్జియా రాష్ట్రమంతటా జననాలు నమోదు చేయడం మొదలైందే ఆ 1919లో. బాబు పుట్టింది ఆ మొదటి నెల చివరి రోజున. కొత్త చట్టం పత్తి చేల మధ్య ఉన్న గుడిసె దాకా నడిచి రావడానికి ఏళ్లు పట్టింది. కాబట్టి ఆ రోజుల్లో పుట్టిన నల్లపిల్లల ఇళ్లు చాలావరకు బంధువుల జ్ఞాపకంలోనే మిగిలాయి, లేదా అసలు మిగల్లేదు. జాకీ పుట్టిన చోటు మిగిలింది, అతను జాకీ కాబట్టి. హ్యాడ్లీ ఫెర్రీ రోడ్డు దగ్గర. ఆ ఇల్లు 1996లో కాలిపోయింది. ఇటుక పొగగూడు నిలబడింది.

ఇక పేజీ మూయండి. అర్ధరాత్రి అవుతోంది.

1920 మే 21. కేరో ఊరి రైల్వే స్టేషన్. జార్జియాలో ఉన్న చిన్న ఊరిది. మీరు ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నారు. మ్యాలీ పక్కన, ఆమె చుట్టాల పక్కన. పిల్లలు మూటల మీద ఒరిగి తూగుతున్నారు. చిన్నవాడు చంక దిగడం లేదు. మ్యాలీ లోపలి పావడా అంచులో కొద్దిపాటి డబ్బు కుట్టుకుని ఉంది. ఎక్కడికి వెళ్తున్నారో మెల్లగా చెప్పుకుంటున్నారు. కాలిఫోర్నియా. పాసడీనా. అక్కడ ఆమె సవతి సోదరుడు ఉన్నాడు.

ఎందుకింత రాత్రి వేళ? ఎందుకింత మెల్లగా? దక్షిణాదిలో నల్లవాళ్లు రైళ్లు ఎక్కి వెళ్లిపోతున్న రోజులవి. వాళ్లు వెళ్లిపోతే పొలం పని చేసేవాడు ఉండడు. ఆసాములకు అది మింగుడు పడలేదు. స్టేషన్లలో పోలీసులు ఆపేవాళ్లు. ప్రశ్నలు వేసేవాళ్లు. టికెట్లు లాక్కునేవాళ్లు.

బూట్ల చప్పుడు.

తల ఎత్తకండి. పిల్లవాడి తల మీద చెయ్యి వేయండి. ఏడవనివ్వకండి. టికెట్టు పిడికిట్లో ఉంది. పిడికిలి చెమట పట్టింది. దూరంగా దీపం. పట్టాలు అదురుతున్నాయి. మూట ఎత్తండి. ముందు పిల్లలు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. చంకలోవాడు ఐదు. ఎక్కండి.

బండి కదిలింది.

ఆ రాత్రి ఒక కుటుంబం ఒక రాష్ట్రపు కాగితాల్లోంచి తప్పుకుంది. ఇంకో రాష్ట్రపు కాగితాల్లోకి ఎక్కడానికి రోజుల తరబడి రైలు ప్రయాణం పడుతుంది. మీరు ఈ దరి నుంచి ఆ దరికి దూకాలి. మధ్యలో మీకు వంతెన ఏమీ లేదు. తరవాతి జనాభా లెక్కలు 1930లో. ఈ పదేళ్లలో ఎన్ని ఇళ్లు మారారో అవి చెప్పవు.

ఏం పట్టుకుంటారు?

ఊరి డైరెక్టరీ. లావుపాటి పుస్తకం. పాత అమెరికా ఊళ్లలో ఏజెంట్లు ఇల్లిల్లూ తిరిగి పేరు, పని, చిరునామా రాసుకుని అచ్చు వేసేవాళ్లు. పాసడీనా గ్రంథాలయంలో అలాంటివి వరసగా ఉంటాయి. ఒక్కో సంవత్సరం తీసి, ‘రా’ దగ్గర తెరిచి, వేలితో కిందికి రండి. పేరు పక్కన చిన్న చిన్న పొడి అక్షరాలు ఉంటాయి. ఇంటి యజమానా, గదిలో ఉంటున్నవాడా, భర్త పోయిన మనిషా, అన్నీ ఆ పొడి అక్షరాల్లోనే. ఒక జాగ్రత్త. పుస్తకం మీద ఉన్న సంవత్సరం అచ్చు వేసిన సంవత్సరం. సమాచారం అంతకు ముందుది. ఆ కొద్ది నెలల తేడాలో మనిషి ఇల్లు మారిపోవచ్చు.

పాసడీనాలో మొదట చిన్న అద్దె గదులు, చుట్టాల ఇల్లు. మ్యాలీ ఇళ్లల్లో పనికి వెళ్లేది. తెల్లవారకముందే బయల్దేరేది. అంత పొద్దున్నే చిన్నవాణ్ణి ఎవరు చూస్తారు? విల్లా మే తమ్ముణ్ణి తనతో బడికి తీసుకెళ్లేది. వాడికి బడి వయసు రాలేదు. వాణ్ణి బయట ఇసుక గుంటలో కూర్చోబెట్టి తను లోపలికి వెళ్లేది. కిటికీలోంచి చూస్తూ ఉండేది. దాదాపు ఏడాది పాటు జాకీ పగటిపూట ఇల్లు ఆ ఇసుక గుంటే. అది ఏ జాబితాలోనూ ఎక్కదు. చిన్ననాటి ఇళ్లు వెతికే ఎవరైనా దీన్ని వదిలేయకూడదని నా అభిప్రాయం.

1922 వచ్చింది. అరోయో లోయలో రోజ్ బౌల్ స్టేడియం లేచిన ఏడాది. అదే ఏడాది మ్యాలీ, ఆమె సోదరి కుటుంబం కలిసి ఒక ఇల్లు కొన్నారు. పెప్పర్ వీధి, 121. కొన్నాళ్లకు సోదరి కుటుంబం వేరే ఇంటికి వెళ్లిపోయింది. ఇల్లు మ్యాలీకి మిగిలింది.

దీన్ని కాగితంలో చూడాలంటే లాస్ ఏంజెలెస్ కౌంటీ రిజిస్ట్రేషన్ సూచికలకు వెళ్లాలి. మన ఈసీ తీసినట్టే. అమ్మినవాళ్ల సూచిక ఒకటి, కొన్నవాళ్ల సూచిక ఒకటి. కొన్నవాళ్ల సూచికలో పేరు పట్టుకుంటే పుస్తకం నంబరు, పేజీ నంబరు వస్తాయి. అక్కడి నుంచి వెనక్కి నడవాలి. వాళ్లకు అమ్మింది ఎవరు? ఆ అమ్మినవాడికి అంతకు ముందు అమ్మింది ఎవరు? ఈ ప్రశ్న ఊరికే అడగడం లేదు. ఆ ఇంటి గురించి ఒక కథ చెప్పుకుంటారు. తెల్లగా కనిపించే ఒక నల్ల అమ్మాయిని ముందు పెట్టి ఒక మనిషి ఆ ఇల్లు కొన్నాడని, అమ్మినవాళ్లకు సంగతి తెలియలేదని, తరవాత అతను మ్యాలీ వాళ్లకు అమ్మాడని. ఇలాంటి కథను నమ్మాలా వద్దా అని కూర్చోనక్కర్లేదు. పరీక్షించే చోటు ఉంది. దస్తావేజుల గొలుసులో ఒక్క మెట్టు వెనక్కి వేయండి.

అంత దొంగచాటు ఎందుకు అవసరమైంది? ఆ కాలపు దస్తావేజులు నాలుగు తెరవండి, మీకే కనిపిస్తుంది. స్థలం కొలతలు అయ్యాక, హద్దులు అయ్యాక, ఒక షరతు. ఈ ఆస్తిని తెల్లవాళ్లు కానివారికి అమ్మరాదు, వారు ఇక్కడ నివసించరాదు. నీళ్ల పైపు గురించి రాసినంత మామూలుగా రాసి ఉంటుంది. ఫలానా వీధిలో నల్లవాళ్లు ఉండకూడదని ఊరి పాలకులు చట్టం చేయడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 1917లో చెప్పింది. ఇరుగుపొరుగు తమలో తాము రాసుకున్న షరతులు మాత్రం సాగాయి. వాటిని కోర్టులు అమలు చేయకూడదన్న తీర్పు 1948లో గానీ రాలేదు. అప్పటికి జాకీ డాడ్జర్స్ జట్టులో రెండో ఏడాది ఆడుతున్నాడు.

ఇప్పుడు కాగితాలు పక్కన పెట్టి వీధిలోకి దిగండి.

పెప్పర్ వీధిలో చుట్టూ తెల్లవాళ్ల ఇళ్లు. మీరు నిలబడ్డ ఇంటి వెనక పెరట్లో పళ్ల చెట్లు ఉన్నాయి. వీళ్లను పంపించేయాలని ఇరుగుపొరుగు అర్జీ మీద సంతకాలు పెట్టించారు. ఇల్లు కొనేస్తాం, వెళ్లిపొమ్మన్నారు. ఎడ్గర్ కాళ్లకు చక్రాలు కట్టుకుని కాలిబాట మీద జారితే చప్పుడవుతోందని పోలీసులను పిలిచారు. ఒకసారి ముంగిట్లో శిలువ కాల్చారు.

మీకు ఎనిమిదేళ్లు. మీ పేరు జాకీ. చీపురు మీ చేతిలో ఉంది. ఇంటి ముందు కాలిబాట ఊడుస్తున్నారు. పొద్దు ఎక్కుతోంది.

ఎదురింటి పిల్ల అరిచింది. మీ రంగును పట్టుకుని ఒక తిట్టు. మళ్లీ అరిచింది. మళ్లీ.

ఊడుస్తూ ఉంటారా? లోపలికి వెళతారా? మాట తిరిగి వేస్తారా?

వేశారు.

తలుపు తెరుచుకుంది. ఆ పిల్ల తండ్రి. పెద్దమనిషి. వంగాడు. రాయి తీశాడు.

రాయి వచ్చింది. తప్పుకున్నారు. మీ చేతికి ఒకటి దొరికింది. విసిరారు. ఇంకొకటి వచ్చింది. చెవి పక్క నుంచి పోయింది. వెనక్కి తగ్గలేదు. మళ్లీ వంగారు. మళ్లీ విసిరారు.

ఎదురింటి ఆవిడ బయటికి వచ్చింది. మొగుణ్ణి కేకలేసింది. పసివాడితో రాళ్ల యుద్ధమా అని సిగ్గు తీసింది. ఆయన లోపలికి పోయాడు.

చీపురు ఇంకా అక్కడే పడి ఉంది.

ఈ సంగతి ఏ ప్రభుత్వ కాగితంలోనూ లేదు. జాకీ తన ఆత్మకథలో చెప్పాడు కాబట్టి మనకు తెలిసింది. అయితే కాగితం ఒక పని చేయగలదు. 1930 లెక్కల పేజీ తెరవండి. కాలిఫోర్నియాకు ఆ ఏడాది శబ్దపు చీటీలు చేయలేదు. ముందు వీధి ఏ లెక్కల పరిధిలోకి వస్తుందో పటంలో చూసి, ఆ నంబరుతో వెళ్లాలి. దొరికాక వీధి అంతా వరసగా మీ ముందుకు వస్తుంది. రంగు రాసే గడి ఒకటి ఉంది. పై నుంచి కిందికి అక్షరాలు చదువుతూ రండి. ఒక కుటుంబం ఒక వీధిలో ఎలా నిలబడిందో ఆ గడి చూపుతుంది. పక్కన ఇంకో గడి. ఇల్లు సొంతమా, అద్దెదా. సొంతమైతే విలువ ఎంత. రేడియో ఉందా. ఎనిమిదేళ్లుగా ఇంటికి యజమాని అయిన మ్యాలీ వరసలో ‘సొంతం’ అన్న అక్షరం కోసం చూడండి. నాకు ఈ మొత్తం వెతుకులాటలో అన్నిటికంటే ముఖ్యమైన గడి అదే.

ఎదురింట్లో ఎవరున్నారో కూడా అదే పేజీ చెప్పేస్తుంది. ఆ పేరు మీ కంటపడుతుంది. రాసుకోవాలనిపిస్తుంది. రాయకండి. వాళ్ల మనవలు ఎక్కడో బతుకుతుంటారు. రాయి వేసింది వాళ్లు కాదు. అలాగే ఇప్పుడు ఆ వీధిలో ఉంటున్నవాళ్ల తలుపు కొట్టకండి. చనిపోయినవాళ్ల కాగితాలు చదవడానికి మనకు హక్కు ఉంది. బతికున్నవాళ్ల గడపకు లేదు.

మ్యాలీ ఆ వీధితో యుద్ధానికి దిగలేదు. వెళ్లిపోనూ లేదు. శనివారాలు బేకరీవాళ్లు మిగిలిన రొట్టె ఇస్తే, అది ఇంటికి ఎక్కువైతే, ఇరుగుపొరుగుకు పంచేది. అదే ఇరుగుపొరుగుకు.

ఇక్కడి నుంచి దారి కొంత సులువు. పిల్లలు పెద్దవాళ్లయ్యారు, కాగితాలు పెరిగాయి. ఒక ఉపాయం చెబుతాను. తమ్ముడి చిరునామా దొరక్కపోతే అన్నను పట్టుకోండి. మాక్ 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో 200 మీటర్ల పరుగులో జెస్సీ ఓవెన్స్ వెనక రెండో స్థానంలో వచ్చాడు. ఓవెన్స్ 20.7 సెకన్లు, మాక్ 21.1. అమెరికా జట్టు ఓడలో వెళ్లి, ఓడల్లో తిరిగొచ్చింది. ఓడ దిగే అమెరికన్ పౌరుల జాబితాలో స్వదేశంలోని చిరునామాకు ఒక గడి ఉండేది. అన్న ఓడ దిగిన కాగితంలో తమ్ముడి ఇల్లు ఉండొచ్చన్నమాట. వెండి పతకంతో ఇంటికొచ్చిన మాక్‌కు పాసడీనాలో దొరికిన పని వీధులు ఊడవడం. ఒలింపిక్ జట్టు కోటు తొడుక్కుని ఊడ్చేవాడు.

ఆ ఊళ్లో బ్రూక్‌సైడ్ పార్కులో ఈత కొలను ఉండేది. నల్లపిల్లలకు వారంలో ఒక్క రోజు. మంగళవారం. మిగతా రోజుల్లో కంచె ఇవతల నిలబడి చూడటమే.

1940 అక్టోబరు 16. దేశంలో ఇరవై ఒకటి నుంచి ముప్పై ఐదేళ్ల మగవాళ్లంతా సైన్యం జాబితాలో పేరు రాయించుకోవాల్సిన రోజు. జాకీకి ఇరవై ఒకటి. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చదువుతూ ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్, పరుగు, బేస్‌బాల్ ఆడుతున్నాడు. ఆ కార్డులు ఇప్పుడు చూడొచ్చు. అందులో ఒక గడి ఉంటుంది. మీ చిరునామా ఎప్పటికీ తెలిసి ఉండే మనిషి ఎవరు? ఆ కార్డు మీకు దొరికినప్పుడు మొదట ఆ గడికి వెళ్లండి.

ఇప్పుడు చిరునామాలు మీ చేతిలో ఉన్నాయి. బయల్దేరండి.

ముందు గ్రేడీ కౌంటీ. పుట్టిన చోటు దగ్గర 2001లో జార్జియా చరిత్ర సంఘం ఒక లోహపు ఫలకం నిలబెట్టింది. 2021లో చూస్తే దాని నిండా తుపాకీ గుళ్ల దెబ్బలు. ఎవరూ లేని రోడ్డు. ఎవరో ఆగారు. గురి పెట్టారు. ఒక్కసారి కాదు. మనిషి పోయి అప్పటికి దాదాపు యాభై ఏళ్లు. 2022 జనవరిలో కొత్త ఫలకం పెట్టారు. దానికి జతగా ఇంకొకటి కేరో ఊళ్లోని గ్రంథాలయం దగ్గర పెట్టారు. గుళ్లు తగిలిన పాత ఫలకాన్ని కాన్సాస్ సిటీలోని నీగ్రో లీగ్స్ బేస్‌బాల్ మ్యూజియంలో ప్రదర్శనకు ఉంచారు. దాన్ని బాగుచేయలేదు. మంచి పని చేశారు. ఆ గుళ్లూ ఇప్పుడు రికార్డే.

తరవాత పాసడీనా. నగర కార్యాలయానికి ఎదురుగా అన్నదమ్ముల కంచు తలలు రెండు, ఒక్కోటి తొమ్మిదడుగుల ఎత్తు. 1997లో పెట్టారు. మాక్ నగర కార్యాలయం వైపు చూస్తున్నాడు. జాకీ తూర్పుకు, బ్రూక్లిన్ వైపు చూస్తున్నాడు.

అక్కడి నుంచి పెప్పర్ వీధి. మీరు వెతికిన ఇల్లు లేదు. కూల్చేశారు. కాలిబాటలో ఒక పలక ఉంది. 1922 నుంచి 1946 దాకా జాకీ రాబిన్సన్ కుటుంబంతో ఇక్కడ నివసించాడని దాని మీద ఉంటుంది. మూడేళ్లలో అన్ని కప్పులు మారిన కుటుంబం, అర్జీలు పెట్టినా రాళ్లు వేసినా, ఇరవై నాలుగేళ్లు ఒకే చిరునామాలో ఉంది. 1946 ఫిబ్రవరిలో జాకీ పెళ్లి చేసుకుని, ఆట కోసం ఊరు దాటాడు.

పలక మీద కొడుకు పేరుంది. ఇల్లు కొన్నది తల్లి, నిలబెట్టుకున్నది తల్లి. మీరు ఈ చిరునామా ఎక్కడ రాసినా, పిల్లలకు ఎప్పుడు చెప్పినా, పెప్పర్ వీధి 121 మ్యాలీ రాబిన్సన్ ఇల్లు అని రాయండి, అలాగే చెప్పండి.